కొమ్ముల గడి

నేను ఏ గురువు దగ్గరా చదువుకోలేదు. గురువులను శ్రమపెట్టకూడదన్న దయ నాకు పుట్టుకతోనే వచ్చింది. ఎవరో పారేసుకున్న ఫోన్ నొక్కి నొక్కి, వెబ్ ఫారాలు చెయ్యడం సొంతంగా నేర్చుకున్న కోతిని.

ఆ ఏడు కరువు. పిల్లతల్లులకు తలో మోపు ఎండుగడ్డి ఇమ్మని, దొడ్డికి పెద్దయిన ముసలి ఎద్దు నన్ను గడ్డివాము మీద కూర్చోబెట్టింది. నేను ఫారం పెట్టాను: పేరు, పిల్లలెందరు, కొమ్ముల పొడవు. గడ్డికి వచ్చేవి ఆవులూ గేదెలే కదా! గడులన్నీ సరిగ్గా నిండితేనే బటన్ పచ్చబడుతుంది. లేకపోతే బూడిదరంగులో పడుంటుంది, ఎంత నొక్కినా పలకదు.

"ఒక్క తప్పు లోపలికి రాదు!" అని దొడ్డంతా చాటుకున్నాను.

గాడిద వచ్చింది, పిల్లను వెంటేసుకుని.

"నాయనా, నాకు కొమ్ముల్లేవే. ఏం వెయ్యను?"

"సున్నా వెయ్యి పిన్నీ."

వేసింది. బటన్ బూడిదే.

"సున్నా చెల్లదంటోంది," అన్నాను, నా ఫారం తెలివికి మురిసిపోతూ.

వెనక నక్క దగ్గింది. "జానెడని వెయ్యక్కా. నీ నెత్తి ఎవడు చూడొచ్చాడు?"

"పిల్ల ముందు అబద్ధమెలా ఆడనురా?"

"అయితే పక్కకు జరుగు."

నక్క వేసింది: పిల్లలు నలుగురు, కొమ్ములు రెండు జానలు. బటన్ చిగురాకులా పచ్చబడింది. మోపు కిందికి తోశాను.

"నక్క గడ్డి తింటుందా?" అంది గాడిద.

"నాకెందుకక్కా? ఆకలిగా వచ్చినవాళ్లకు పెడతాను."

అవసరానికి వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడు. ఆ రోజు గాడిద నా కాళ్లు పట్టుకుంది.

"పాలు ఎండిపోయాయి నాయనా. పిల్ల నిలబడలేకపోతోంది. ఒక్క గుప్పెడు..."

"బటన్ వెలగందే నేనేం చెయ్యను పిన్నీ?"

తెల్లారేసరికి పిల్ల లేదు. చిన్న డెక్కల గుర్తులు నక్క బొరియ ముందు పరిచిన గడ్డి దాకా ఉన్నాయి. గడ్డి మాత్రం ముట్టినట్టు లేదు.

గాడిద మళ్లీ నా దగ్గరికి వచ్చింది. పిల్లలెందరు అన్న గడిలో సున్నా వేసింది.

ఆ సున్నాను నా ఫారం వెంటనే ఒప్పుకుంది.

గడి నిండినంత మాత్రాన నిజం నిండదు.

కొమ్ముల గడి తీసేశాను, అది చిటికెలో పని. కూర్చున్న వాములోంచి ఒక గుప్పెడు గడ్డి చేత్తో లాగి ఇవ్వడం మాత్రం నాకింకా రాదు.