ఆనపపాదు, ఇత్తడి బిందె

అనగనగా ఒక ఎండాకాలం. ఆ ఎండల్లో ఒక పెరడు. ఆ పెరట్లో ఒకే ఒక్క ఆనపపాదు.

పాదు పైడమ్మది. గింజలు అత్తగారి నాటివి. అన్నీ పుచ్చిపోగా మొలిచింది ఒక్కటే. దానికి నిలిచింది ఒక్కటే పిందె. అది ముదిరితేనే మళ్ళీ గింజ. రాలిందా, ఆ ఇంటి ఆనప జాతి అంతటితో సరి.

పైడమ్మకు పొరుగింటి గవరమ్మతో మాటల్లేవు. నూతి దగ్గర ఆ మొహం ఎదురవకూడదని తెల్లారకముందే నీళ్ళు తోడేసేది. ఇత్తడి బిందెను పెరటి నడుమ పెట్టి, అరుగు మీంచి కాపలా కాసేది. ఎవరేం కలుపుతారో, ఎవరికి తెలుసు!

ఒకనాటి మిట్టమధ్యాహ్నం ఆకులన్నీ వేలాడాయి. పైడమ్మ బిందెడు నీళ్ళూ మొదట్లో కుమ్మరించి గోడ దగ్గరికి పరుగెత్తింది.

“నీ కళ్ళే పడ్డాయి నా పాదు మీద!”

గోడ అవతల బియ్యం చెరుగుతున్న గవరమ్మ చేట దించలేదు. “నా కంటికి అంత బలముంటే వదినా, ముందు నీ నోరు పడిపోయేది.”

పైడమ్మ పందిరికి దిష్టికుండ కట్టింది. సాయంత్రమైనా ఆకులు లేవలేదు. అంచులు పండుబారాయి.

మర్నాడు మళ్ళీ వేలాడాయి. మళ్ళీ బిందె కుమ్మరించింది. దడి పక్కన మేక కనబడింది.

“నువ్వే కొరికావు!”

“నేను కొరికితే ఆకు వాడదమ్మా, అసలు ఉండదు,” అంది మేక.

న్యాయమైన మాటే. అయినా దెబ్బ తప్పలేదు.

మూడోనాడు పిందె రంగు మారింది. పైడమ్మ బిందె ఎత్తింది. మొదట్లో ఒక కప్ప.

“అదీ సంగతి! నా నీళ్ళు తాగే దొంగవి నువ్వా!”

“చంపుదువు గాని, ముందు ఆ బిందెలో చెయ్యి పెట్టు తల్లీ,” అంది కప్ప.

పెట్టింది. చురుక్కుమంది.

“నా వీపు కాలింది ఆ నీళ్ళకే. వేరుకు కాలదా? నడి ఎండలో ఆనపాకు వాలడం రోగం కాదమ్మా. తల దించుకుని ఎండను దాటేస్తుంది. పొద్దు వాలాక కూడా లేవకపోతేనే దాహం. నీళ్ళు తోడిన వేళకే, చల్లగా ఉండగానే పొయ్యి. మొదట్లో ఎండుటాకులు పరుచు.”

పైడమ్మ నమ్మిందా? నమ్మే మనిషేనా! కప్ప మీద గంప బోర్లించి, పైన రాయి పెట్టింది.

“ఆకు లేవకపోతే నువ్వూ లేవవు.”

నీళ్ళు పోయలేదు. అరుగు మీద కూర్చుంది. ఒక చూపు గంప మీద, ఒక చూపు పాదు మీద. పొద్దు వాలింది. గాలి తిరిగింది. ఒక ఆకు కదిలింది. పక్కది లేచింది. దీపాల వేళకు పందిరంతా గొడుగులు విప్పినట్టు నిలబడింది.

పైడమ్మ రాయి తీసింది, గంప ఎత్తింది. దిష్టికుండ దింపి, ఒక అంచు పగలగొట్టి, కప్పకు ఇల్లుగా పాదు మొదట్లో బోర్లించింది.

పిందె నిలిచింది, ముదిరింది, ఎండి గలగలలాడింది. పైడమ్మ ఊరందరికీ గింజలు పంచింది. గవరమ్మ వంతు గోడ మీద పెట్టి వెనక్కి తిరిగింది.

“ఏ వేళ నీళ్ళు పోయాలి వదినా?” అంది గవరమ్మ.

“కప్పనడుగు,” అంది పైడమ్మ.

వాడిన ఆకును చూసి పొరుగువాకిలి వైపు వేలు చూపేముందు, తాను పోసే నీళ్ళలో ఒకసారి చెయ్యి పెట్టి చూసుకోవాలి.