నాలుగున్నరకు రాని పేరు

ఆ బేస్తవారం సాయంత్రం సరిగ్గా నాలుగున్నరకు నా ఫోనులో చక్రం తిరగడం మొదలైంది. ఆనాటి పేర్లన్నీ దాని వెనకాల ఉండిపోయాయి. ఎదురుగా మా గురువు పీరాతాత రెండు చేతులూ దోసిలి పట్టి, మొదటి పేరు నేనెప్పుడు చదువుతానా అని కూర్చుని ఉన్నారు.

నేనెవరో ముందు చెప్పాలి. నా పేరు సుంకన్న. టెలిఫోన్ల శాఖలో ముప్పై ఆరేళ్ళు లైన్‌మన్ని. ఏడాదికి మూడు వందల అరవై అయిదు రోజులుంటే మూడు వందల డెబ్బై రోజులు పనిచేసినవాణ్ణి. హంద్రీకి వరదొచ్చిన ఏడు, తెగిన తీగ రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని మొలలోతు నీళ్ళలో నిలబడితే, నా ఒంట్లోంచే కలెక్టరుగారు హైదరాబాదుతో మాట్లాడారు. ఏం మాట్లాడారో కూడా నాకు తెలిసింది. చెప్పను, ఉద్యోగ ధర్మం.

అంతటివాణ్ణి, రిటైరయ్యాక పత్తికొండ అవతల గుట్టమీది దర్గాలో పీరాతాత కాళ్ళ దగ్గర చేరాను.

తాతది ఒకటే పని. కష్టంలో ఉన్నవాళ్ళు వచ్చి తమవాళ్ళ పేరు చెప్తారు, తల్లి పేరుతో కలిపి. తాత వాళ్ళ చెయ్యి పట్టుకుని, మొహంలోకి చూస్తూ, ఆ పేరు మూడుసార్లు చెప్పించుకుంటారు. సాయంత్రం నమాజు అయ్యాక, నాలుగున్నరకు, ఒక్కొక్క పేరూ పలికి దువా చేస్తారు. అంతే. తాయెత్తు లేదు, మంత్రించిన నీళ్ళు లేవు.

ఎనభై రెండో ఏట ఒకనాడు ఒక పేరు మర్చిపోయారు. ఆరోజు అన్నం ముట్టలేదు.

"నేనుండగా నీకేం దిగులు తాతా! అన్నీ ఫోన్లో ఎక్కిస్తా. క్లౌడ్‌లో ఉంటాయి" అన్నాను.

"యాడుంటాయప్పా?"

"ఎక్కడో దూరంగా, పెద్ద పెద్ద మిషన్లలో. ఈ ఫోను బావిలో పడినా పేరు పోదు. వాళ్ళు మూడు చోట్ల దాచిపెడతారు."

"ఎవురు వాళ్ళు?"

"అది నాకూ తెలీదు."

తాత గడ్డం నిమురుకున్నారు. "రాసుకో. పేరు మాత్రం నువ్వే విను."

నేను మొదటి మాట తీసుకున్నాను. రెండోది వదిలేశాను.

ఆనాటి నుంచి గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. జనం నాకే చెప్పి వెళ్ళిపోయేవారు, తాత దాకా పోయే పని లేదు. నిమిషానికి పన్నెండు పేర్లు కొట్టేవాణ్ణి. నా బొటనవేళ్ళ జోరు చూడ్డానికి ఆదోని నుంచి బస్సు మాట్లాడుకుని వచ్చినవాళ్ళున్నారు.

ఆ బేస్తవారం పొద్దున ఒకామె వచ్చింది. తలెత్తి చూడలేదు కాబట్టి ఎలా ఉందో చెప్పలేను. గొంతు మాత్రం చెవిన పడింది.

"సామీ, నాకు ఒగతే కూతురు. కర్నూల్లో గుండె ఆపరేషను. ఈ పొద్దు నాలుగున్నరకే లోపలికి తీసకపోతారంట. ఆ టయానికి తాత నోట్లో దాని పేరు పడాల. దానికి గూడా చెప్పినా, భయపడొద్దు, అప్పుడు తాత నిన్నే తలుచుకుంటా ఉంటాడు అని."

పేరు చెప్పింది. కొట్టాను.

"మర్చిపోరు కదా సామీ?"

"నేనన్నా మర్చిపోతానేమో గానీ ఇది మర్చిపోదమ్మా. పో, బస్సు పోతాది."

నాలుగున్నరకు చక్రం. ఫోను ఆపి మళ్ళీ వెలిగించాను. గుట్ట కొసకెక్కాను. సిగ్నలు నిండుగా ఉంది. తీగ ఎక్కడ తెగినా వాసన చూసి పట్టేసేవాణ్ణి, ఇక్కడ ఎక్కి చూద్దామంటే స్తంభమే లేదు. కంపెనీకి ఫోను చేశాను. దేశమంతా సేవలు ఆగాయనీ, ఇంజనీర్లు పనిలో ఉన్నారనీ, నా ఓపికకు ధన్యవాదాలనీ ఒక రికార్డు గొంతు చెప్పింది. నేను తిట్టిన తిట్లకు గుట్టమీది పావురాలన్నీ లేచిపోయి దేవనకొండలో వాలాయి.

దిగి వచ్చేసరికి తాత ఇంకా చేతులు దించలేదు.

"అయ్యిందా తిట్టేది?"

"నేనేం చేసేది తాతా! తప్పు వాళ్ళది."

"వాళ్ళదే. పొద్దున ఒకామె గడప దాటినాక మళ్ళా తిరిగి చూసి పాయ. ఆమె బిడ్డ పేరేమప్పా?"

నోరు తెరిచాను. రాలేదు. బొటనవేళ్ళు మాత్రం గాల్లో కదిలాయి.

"దేవునికి పేరెందుకు తాతా? 'ఆమె బిడ్డ' అని తలుచుకుంటే సరిపోదా?"

"దేవునికి సరిపోతాది. మనం మాటిచ్చింది ఆయనకా?"

నా చేతిలో ఫోను తీసి చాప మీద పెట్టారు. నా చేతులు రెండూ పట్టి దోసిలి చేసి, పక్కన కూర్చోబెట్టుకున్నారు. తాను మళ్ళీ దోసిలి పట్టారు.

వరదలో తీగలు పట్టుకున్న నా చేతులు అరగంటకే కిందికి జారాయి. తాత చేతులు మాత్రం దిగలేదు. పొద్దు గూకే వేళకు ఫోను వెలిగింది.

"బజారమ్మ కూతురు ఉరుకుందమ్మ, గుండె ఆపరేషను" అని చదివాను.

తాత ఆ పేరు, ఆ వెనక మిగతా పేర్లూ పలికి, అప్పుడు చేతులు దించారు. వేళ్ళు వెంటనే ముడుచుకోలేదు.

"చూసినావా తాతా, ఇన్ని వేల పేర్లలో ఒక్కటీ పోలేదు!" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మూడు వారాలకు బజారమ్మ వచ్చింది, ఒక్కతే, చేతిలో చక్కెర పొట్లంతో. ఈసారి తలెత్తి చూశాను. కళ్ళజోడుకు ఒకవైపు దారం కట్టుకుంది.

"బిడ్డ దక్కలేదు సామీ" అంది. "లోపలికి పొయ్యేటప్పుడు నవ్వతానే పాయ. 'అమ్మా, ఇప్పుడు తాత నా పేరు చెప్తాంటాడు' అనింది. చెప్పినారు కదా సామీ, ఆ టయానికి?"

ఒక్క 'ఊ' అంటే చాలు. రాని వరదలు తెచ్చినవాణ్ణి, ఎక్కని స్తంభాలు ఎక్కినవాణ్ణి. తాత వైపు చూశాను. ఆయన చాప వైపు చూస్తున్నారు.

"లేదమ్మా" అన్నాను. "పొద్దు గూకేటప్పుడు చెప్పినాం. ఆ టయానికి నాకు పేరు తెలీలేదు. నువ్వు చెప్పినప్పుడు నేను వినలేదు."

ఆమె పొట్లం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇట్ల రా తల్లీ" అన్నారు తాత. కూర్చోబెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నారు. పట్టుకుని, దాన్ని నా చేతిలో పెట్టారు.

"నీ బిడ్డ పేరు చెప్పు. మూడుసార్లు."

చెప్పింది. మూడోసారి గొంతే రాలేదు, పెదవులు మాత్రం కదిలాయి.

తాత నా వైపు తిరిగారు.

"వినపడిందా సుంకన్నా?"