సత్తు పొన్ను నోము కథ

తల్లులారా, అయ్యలారా, చేతిలో అక్షతలు పట్టుకొని చెవి ఇటు పెట్టుడు.

ఒకనాడు ధూమ్రముని లోహకేతుమునిని జూచి, యజ్ఞయాగములు చేయు తాహతు లేని చేతిపనివారు ఏ నోము పట్టిన బాగుపడుదురని అడిగెను. లోహకేతుడు, ఇన్నాళ్లకు పనికివచ్చు ప్రశ్న ఒకటి అడిగితివని ఇట్లు చెప్పెను.

పెన్న ఒడ్డున రాగికుంట అను ఊరిలో కేతోజు అను కమ్మరి, అతని భార్య ముమ్మిడమ్మ కాపురముండిరి. కేతోజు మేదరులకు వెదురు చీల్చు కత్తులు చేయుచుండెను. కత్తి అలుగు పిడిలోకి దిగుచోట పోయు తెల్లని కట్టును పొన్ను అందురు. దానిని సత్తుతో, అనగా తగరము పాలు ఎక్కువగల లోహముతో పోయవలెను. ఒక యేడు సత్తు దొరకదాయెను. వెదకుటకు బద్ధకించి కేతోజు సీసము పోసెను. తోమితే రెండూ మెరయును, ఎవరికి తెలియునని అనుకొనెను.

మేదరి స్త్రీలు రెండు చేతులతో బుట్ట అల్లునప్పుడు కత్తిని పొన్ను దగ్గర పంట కరచి పట్టుకొందురు. ఆరు నెలలు తిరుగకమునుపే వారికి కడుపులో మెలిపెట్టు నొప్పులు పుట్టెను. చిగుళ్ల మీద నల్లగీత తేలెను. వ్రేళ్లు పట్టు తప్పెను. కత్తులు కొనువారు లేక కొలిమి చల్లారెను. దేవతకు కోపము వచ్చినదని కేతోజు కోడిని కోసెను. దేవత రాలేదు. మేదరులలో పెద్దదైన గంగులమ్మ వచ్చెను. చిగుళ్లు చూపి అడిగెను:

"ఏం ఆచారీ, నీ ఇంట్లో కూర తరిగే కత్తికి ఏం పోసుకుంటివి? సత్తే గదా?"

కేతోజు తలవంచెను. అది సత్తే.

ముమ్మిడమ్మ ఆ కత్తినే మొదట తెచ్చి మగని ముందు పడవేసి, దీనిని కరగించుమనెను. అట్లు నోము పట్టెను. కొలిమితల్లికి బొట్టు పెట్టి, సీసము కాచిన మూకుడు పగులగొట్టి, చిల్లిపడిన సత్తుగిన్నెలకై ఇల్లిల్లు తిరిగెను. ప్రతి ముక్కను చెవి దగ్గర వంచెను. సత్తు వంగునప్పుడు కిర్రుమని ఏడ్చును. సీసము నోరు మూసుకొని వంగును. ఏడ్చినదే ఉంచెను. నొప్పులు పడుచున్న మేదరులే మూడు గిన్నెలు ఇచ్చిరి.

కేతోజు తొందరపడి పచ్చిమట్టి మూసలో పోయగా లోహము చిట్లి ముంజేయి కాలెను.

"కడుపునొప్పి వాళ్లది, తొందర నీదా? ఎండనీ," అనెను ముమ్మిడమ్మ.

పిమ్మట పిడికి గాట్లు పెట్టి, తాటాకు చుట్టి, మట్టి మెత్తి, మూడు దినములు ఎండబెట్టిరి. కరగిన సత్తును, ఎండుపుల్ల ముంచితే మాడక ఎర్రబడు వేడిలో పోసిరి. పొన్ను పిడిని కరచుకొనెను. పాత కత్తులన్నియు తెప్పించి సీసము ఊడబెరికి, మరల పోసి మేదరవాడకు మోసికొనిపోయిరి. గంగులమ్మ చేయి చాచలేదు.

"ముందు నువ్వు కరిచి చూపు," అనెను.

కేతోజు వాడ నడుమ కూర్చుండి ఒక్కొక్క కత్తిని తన పంట కరచి ఇచ్చెను. గంగులమ్మ కొంగుతో తుడిచి తాను కరచి, బుట్ట మొదలుపెట్టెను. కొన్ని నెలలకు నొప్పులు తగ్గెను, వ్రేళ్లకు పట్టు వచ్చెను, కొలిమి రాజెను.

కావున ధూమ్రా, కమ్మరులు, కుమ్మరులు, మందు నూరువారు, పిల్లలకు బొమ్మలు చేయువారు, పదిమందికి వండువారు ఈ నోము పట్టవలెను. పురోహితుడు అక్కరలేదు, ముహూర్తము అక్కరలేదు. తాను నోట పెట్టుకొననిది ఇతరులకు అమ్మరాదు, అంతే నియమము. పట్టినవారికి చేతిపని నిలుచును, నిద్ర పట్టును, వీధిలో తలయెత్తి నడచుట కలుగును. విన్నవారు అక్షతలు తలమీద వేసికొని ఊరకుండరాదు. లేచి, ఇంటిలోని కత్తిపిడులు ఇప్పుడే చూచుకొనవలెను.