బంపరు మీద గవరయ్య

అనగనగా, లారీలకు ఇంకా ముక్కులుండే రోజుల్లో, కొండదిగువన జామిపేట అని ఒక ఊరుండేది. ఆ ఊరికి ఒకటే లారీ. ఆ లారీకి ఒకడే డ్రైవరు, పైడిరాజు. లారీ అచ్చియ్యమ్మది. మాటా ఆవిడదే. పైడిరాజుకు మిగిలింది స్టీరింగు.

సంతకు పోయే దారంతా గోతులు. ముందు చక్రాల దగ్గర కుదుపును మింగే గొట్టాలుంటాయి చూడండి, షాకబ్జర్లు, అవి అరిగిపోయాయి. కంపెనీవి వద్దని పైడిరాజు బయటి సరుకు తెప్పించాడు. "పల్లకీలా పోతుందమ్మగారూ" అన్నాడు. జాకీ మీద లారీని ఎత్తి, తనే బిగించాడు.

లారీ కదిలింది. ముందునుంచి టకటక, టకటక.

ఎక్కడిదో తెలీదు. ఎందుకో తెలీదు.

"పల్లకీ బోయీలు పళ్లు కొరుకుతున్నారు కాబోలు" అన్నారు అరుగుల మీద కూర్చున్నవాళ్లు. ఏ పనీ లేనివాళ్లకు చెవులు బాగా పనిచేస్తాయి. నవ్వితే నవ్వారు గానీ, చక్రం ఊడిపోతుందని లారీ ఎక్కడం మానేశారు.

అచ్చియ్యమ్మ పిలిచింది. "మూడు సంతలు చూస్తాను పైడీ. ఆ మోత పోకపోతే లారీ అమ్మేస్తాను. నువ్వెళ్లి మీ బావమరిది గేదెలు కాసుకో."

పైడిరాజుకు గేదెలంటే భయం లేదు. బావమరిదంటేనే.

మొదట కమ్మరి అప్పలసామి వచ్చాడు. జాకీ ఎత్తించాడు. చక్రం గాల్లో వేలాడింది. పానా వేసి లాగాడు. "నట్టు గట్టిగానే ఉంది" అన్నాడు. జాకీ దించారు. టకటక, టకటక.

తర్వాత పట్నం మెకానిక్కు వచ్చాడు. నల్లకళ్లద్దాలు తీయకుండానే లారీ కిందకి దూరాడు. జాకీ ఎత్తించాడు. చక్రం గాల్లో వేలాడింది. "నట్టు గట్టిగానే ఉంది" అన్నాడు. వచ్చినందుకు హారను బిగించి పోయాడు. టకటక, టకటక.

ఆఖరికి భూతవైద్యుడు వచ్చాడు. దయ్యం మొహం చూడాలని అతనూ జాకీ ఎత్తించాడు. నిమ్మకాయలు కోశాడు, కోడిని అడిగాడు, కూర వండించుకుని తిన్నాడు. "దయ్యం కూడా గట్టిగానే ఉంది" అని చెప్పి చెయ్యి కడుక్కున్నాడు. టకటక, టకటక.

ఎక్కడిదో తెలీదు. ఎందుకో తెలీదు.

మూడో సంత రోజు వచ్చింది. ఊరి చివర గవరయ్య చెయ్యెత్తాడు. గవరయ్య గాదె అంత మనిషి. అతని పనల్లా బరువుగా ఉండడమే. దమ్ము చేసిన మడిని చదును చెయ్యాలంటే పలక మీద అతన్ని కూర్చోబెట్టి ఎద్దులతో లాగించేవారు. గోనెబస్తాలు అణగాలంటే వాటి మీద కూర్చోబెట్టేవారు. గాలివానకు ఎవరి పాకైనా లేచిపోతుంటే అతనికి కబురు పంపేవారు. పని అయ్యాక అన్నం పెట్టేవారు. పెట్టాక, ఎంత తిన్నాడో నెల్లాళ్లు చెప్పుకునేవారు.

ఆరోజు పొరుగూళ్లో పలక పని ఉంది. లారీ తలుపులో గవరయ్య పట్టలేదు. "ఈ బంపరు మీద కూర్చుంటాలే బాబూ" అని ముందు ఎక్కి కూర్చున్నాడు.

లారీ కదిలింది. మోత లేదు.

పైడిరాజు తన చెవులు పోయాయనుకున్నాడు. హారను కొట్టాడు. వినిపించింది. గవరయ్యను దించి నడిపాడు. టకటక. ఎక్కించి నడిపాడు. చప్పుడు లేదు.

"ఏం చేశావు మావా?"

"కూర్చున్నాను బాబూ."

"ఇంకేం చేశావు?"

"కూర్చున్నాక ఇంకేటి సేస్తాం బాబూ?"

అచ్చియ్యమ్మ వీధిలోకొచ్చి నిలబడింది. లారీ ఆవిడ ముందునుంచి పిల్లిలా పోయింది. ఆవిడ గవరయ్యను చూసింది, లారీని చూసింది, పైడిరాజును చూసింది. ఏమీ అర్థం కాలేదు. కాలేదని ఒప్పుకునే మనిషి కాదు గనక, "నేను చెప్పలా" అని లోపలికి పోయింది. లారీ అమ్ముడుపోకుండా నిలిచింది.

అప్పటినుంచి గవరయ్య లేనిదే లారీ కదల్లేదు. పొద్దున్నే ఇడ్లీలు పెట్టి ఎక్కించేవారు. దసరాకు లారీకి బొట్టు పెడితే అతనికీ పెట్టారు.

"నాలో ఏటుంది బాబూ?" అని అడిగేవాడు గవరయ్య.

"నాకూ తెలీదు మావా."

"పలక మీద కూర్చుంటే ఎద్దుల తోకలే కనబడేవి. ఇక్కడ దారి కనబడతాది. బాగుంది."

ఏళ్లు అలా గడిచాయి. ఒక వానాకాలం జ్వరం వచ్చి గవరయ్య పోయాడు. మోసేవాళ్లు చాలక లారీలోనే వెనక పడుకోబెట్టి తీసుకెళ్లారు. దారిపొడుగునా టకటక, టకటక. లారీ ఏడుస్తోందన్నారు అరుగుల మీదివాళ్లు. ఆరోజు ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పైడిరాజు బంపరు మీదికి ధాన్యం బస్తాలెక్కించాడు, గవరయ్య అంత బరువయ్యేదాకా. మోత ఎందుకు ఆగుతోందో కింద చూద్దామని జాకీ పెడితే, ముందువైపు బరువెక్కిపోయి లేవలేదు. లేవకపోతే మానె అని, పానా పట్టుకుని అలాగే కిందకి దూరాడు. ఇద్దరు గట్టిగా ఉందన్న నట్టు మీద పానా వేశాడు.

నట్టు తిరిగింది. మెత్తగా, ఇన్నాళ్లూ అడిగేవాళ్లు లేక ఊరుకున్నట్టు తిరిగింది.

చక్రం గాల్లో వేలాడితే దాని బరువు గొట్టాన్ని కిందకి లాగేది. నట్టు బిగుతుగా అనిపించేది. లారీ నేల మీద నిలబడితే వదులై టకటకమనేది, గవరయ్య కూర్చుంటే ఆ బరువుకు గొట్టం అణిగి కదలక మోత ఆగేది. జాకీ ఎత్తినంతకాలం ఆ వదులు ఎవరికీ దొరకదు. పైడిరాజు రెండువైపులా బిగించాడు. బస్తాలు దించి నడిపాడు. చప్పుడు లేదు.

ఊరి చివర లారీ ఆపాడు. మోత పోయింది. బావమరిది గేదెల బెడదా పోయింది. మరి ఏడుపెందుకు వస్తోందో తెలీలేదు. అన్నేళ్లు ఆ మనిషి బంపరు మీదే కూర్చున్నాడు. కూర్చున్నప్పుడు ఒక్కసారి కిందకి దూరి చూద్దామని తనకు తట్టలేదు. తట్టి ఉంటే గవరయ్య మర్నాడే మళ్లీ పలక మీదికి, ఎద్దుల తోకల వెనక్కి పోయేవాడు. తట్టకపోవడం మంచిదయిందో చెడ్డదయిందో పైడిరాజు ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాడు.

ఇప్పటికీ ఆ దారిలో షాకబ్జర్లు మార్చేవాళ్లు ఆఖరి బిగింపుకు ముందు జాకీ దించేస్తారు. ఎవరినో ఒకరిని బంపరు మీద కూర్చోబెడతారు, మనిషి దొరక్కపోతే ధాన్యం బస్తా పెడతారు. "గవరయ్యా, కూర్చో" అంటారు. అప్పుడే పానా తిప్పుతారు. ఆ గవరయ్య ఎవరని అడిగితే ఒకరు దేవుడంటారు, ఒకరు పెద్ద మెకానిక్కంటారు. ఏం చేశాడని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే మాట.

కూర్చున్నాడట.

బిగింపు అయ్యాక కూర్చున్న మనిషిని వెంటనే దింపరు. కాసేపు దారి చూసుకోనిస్తారు.