భైరడు నోరు తెరిచిన రోజు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అయిపోయి చేలు మొదలయ్యే చోట ఒక గొర్రెల మంద ఉండేది. ఆ మంద బీరవ్వది. పంట కోసేశాక రైతులు ఆమెను పిలిచి తమ చేలల్లో మంద పెట్టించుకునేవాళ్ళు. గొర్రెలు పడుకున్న చేనుకు వేరే ఎరువు అక్కర్లేదు కదా, అందుకు. ఒక చేను అయ్యాక ఇంకో చేను. బీరవ్వకు ఇల్లంటే భుజం మీది గొంగడి, రెండు కుండలు, ఆ మంద. ఆ మందకు కాపలా భైరడు.

భైరడు నల్లకుక్క. ఛాతీ మీద మాత్రం ఇంత తెల్లమచ్చ. వాడు మొరిగితే తోడేళ్ళు అడవిలోంచి తొంగి చూడడానికి కూడా జంకేవి. కానీ వాడికి కాపలా కన్నా ఇష్టమైన పని ఇంకొకటి ఉంది. గొర్రె ఈనితే, తల్లి పిల్లను శుభ్రంగా నాకి, పాలు తాగించి, ఆ తర్వాత తలెత్తి పిలిచేది.

"భైరన్నా, రా. నా పిల్లను చూడు."

అప్పుడు వాడు మెల్లగా వెళ్ళి పిల్ల మూతిని ఒక్కసారి నాకేవాడు. ఇక ఆ పిల్ల మందలో చేరినట్టే. ముందు తల్లి, తర్వాత భైరడు. ఆ మందలో అది పద్ధతి.

ఒక చలికాలం భైరడి నోరు వాసన రావడం మొదలైంది. కొంచెం వాసన కాదర్రా. వాడు ఆవలిస్తే పక్కన పడుకున్న గొర్రెలు లేచి అవతలికి పోయేవి. పెద్ద గొర్రెలు మర్యాదకు ఏమీ అనలేదు. మందతో పాటు తిరిగే మేకల్లో ఒక పిల్ల మాత్రం వాడి మొహం మీదే అడిగేసింది.

"మామా, నీ నోట్లె ఏమన్న చచ్చిందా?"

మేకపిల్లలకు ఎక్కడ ఏం మాట్లాడాలో తెలియదు, అచ్చం మీలాగే.

భైరడికి తల తీసేసినట్టయింది. వాడు వెళ్ళి ఒక తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. చెట్టు మీద కాకి ఉంది. కాకికి ఊళ్ళో సంగతులన్నీ కావాలి, అందులోనూ చెడ్డవైతే మరీ కావాలి.

"పక్క మందల ఎర్రకుక్క ఉండె కద, గుర్తున్నదా?" అంది కాకి. "దానికి గూడ ముందు ఇట్లనే నోరు వాసనొచ్చింది. తర్వాత పండ్లు ఊడినయ్. పండ్లు లేని కుక్క ఎందుకని దాని యజమాని రోడ్డు మీద విడిచిపెట్టి మందను తోలుకపోయిండు."

భైరడు నాలుకతో తన పళ్ళన్నీ తడుముకున్నాడు. "మరి నేనేం చెయ్యాలె?" అని అడిగాడు.

"నోరు మూస్కో. మూసిన నోరు వాసన రాదు" అంది కాకి, ఎగిరిపోతూ.

ఆ రోజు నుంచి భైరడు నోరు మూసుకున్నాడు. అంతకుముందు రోజూ పొద్దుగూకే వేళ బీరవ్వ ఒడిలో మూతి పెట్టి పడుకునేవాడు. ఆమె గడ్డం కింద గోకుతుంటే వాడి కళ్ళు మూతలు పడేవి. ఇప్పుడు దూరంగా, అటు తిరిగి కూర్చుంటున్నాడు.

"ఏందిరా, నా మీద అలిగినవా?" అని అడిగింది బీరవ్వ. వాడు వినపడనట్టు ఇంకొంచెం దూరం జరిగాడు. నిజానికి వాడికి ఎడమ వైపు వెనకపన్ను సలుపుతోంది. జొన్న రొట్టె కుడి వైపే నములుతున్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కానీ నోరు ఎన్నాళ్ళు మూసుకుంటారు? కాపలా కుక్క మొరగాలి కదా. అందుకని భైరడు కాలువ గట్టు మీదున్న కుందేలు దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"అంతేనా అన్నా?" అంది కుందేలు. "ఇగో పుదీనా. నమిలి మింగు. నా నోరు చూడు, ఎంత కమ్మగ ఉంటదో."

భైరడు పుదీనా నమిలాడు. నిజంగానే నోరు కమ్మగా అయింది. సాయంత్రానికి మళ్ళీ మామూలే.

తర్వాత ఉడుతను అడిగాడు. ఉడుత మైసమ్మ రాయి దగ్గర పడి ఉన్న కొబ్బరిముక్క తెచ్చి ఇచ్చింది. "దీన్ని మంచిగ నములు. నూనె పండ్లకు పట్టి నున్నగైతయ్. నా పండ్లు చూసినవా?" అని పళ్ళు ఇకిలించి చూపించింది.

భైరడు కొబ్బరి కూడా నమిలాడు. కుడి వైపే నమిలాడు. తెల్లారేసరికి కొబ్బరి వాసన పోయింది, కంపు మాత్రం అక్కడే ఉంది.

ఇదంతా మందలోని ముసలి మేక చూస్తూనే ఉంది. దానికి ఒక కొమ్ము వంకర. మాట మాత్రం తిన్నగా ఉంటుంది.

"పుదీనా మంచిదే, కొబ్బరి మంచిదే" అంది మేక. "కాని వాకిలి ఊడ్వకుంట ముగ్గేస్తే ఏం లాభం? లోపల ఏదో ఉన్నది. పోయి బీరవ్వకు నోరు తెరిచి చూపియ్యి."

"నాకేం కాలే. నీ పని నువ్వు చూస్కో మేకవ్వా" అని భైరడు విసుక్కున్నాడు. రోడ్డు మీద కూర్చున్న ఎర్రకుక్కే వాడి కళ్ళలో మెదులుతోంది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం చుక్కమ్మ ఈనింది. చుక్కమ్మ నుదుటి మీద మచ్చ ఉన్న పడుచు గొర్రె. దానికి అదే తొలి కాన్పు. చాలా కష్టపడింది పాపం. పిల్ల నేల మీద పడగానే చుక్కమ్మ తలవాల్చి పడుకుండిపోయింది. బీరవ్వ అప్పటికే నీళ్ళకని బావికి వెళ్ళి ఉంది.

భైరడు అప్పుడే నోటినిండా పుదీనా నమిలి వచ్చాడు. ఆ వాసన వాడికే ముద్దొస్తోంది. "ఇప్పుడు నా నోరు మంచిగనే ఉన్నది. అందరికీ తెలియాలె" అనుకున్నాడు. తల్లి పిలిచేదాకా ఆగలేదు. వెళ్ళి తడితడిగా ఉన్న పిల్లను మూతి నుంచి తోక దాకా తనే నాకేశాడు.

కాసేపటికి చుక్కమ్మ ఓపిక తెచ్చుకుని లేచింది. పిల్లను వాసన చూసింది. పుదీనా వాసన వచ్చింది. దాని కింద ఏదో కుళ్ళు వాసన వచ్చింది. తన వాసన మాత్రం రాలేదు.

"ఇది నా పిల్ల కాదు" అంది చుక్కమ్మ.

గొర్రె తన పిల్లను కళ్ళతో కన్నా ముక్కుతో గుర్తుపడుతుందర్రా. మందలో అన్ని పిల్లలూ ఒకేలా ఉంటాయి మరి. పిల్ల వణుకుతూ పొదుగు దగ్గరికి వెళ్ళింది. చుక్కమ్మ కాలితో తోసేసింది. పిల్ల మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తోసేసింది. మూడోసారి పిల్ల వెళ్ళలేదు. అక్కడే కూలబడి సన్నగా అరిచింది.

"చుక్కమ్మా, అది నీ పిల్లనే. నేను చూసిన" అన్నాడు భైరడు.

"నా పిల్లకు నా వాసన ఉండాలె. దీనికి నీ వాసన ఉన్నది" అంది చుక్కమ్మ. అని ఏడ్చింది. "నా పిల్ల ఏది?"

ముసలి మేక వచ్చి పిల్లను చూసింది. "పొద్దుగూకే లోపల తొలిపాలు కడుపుల పడకుంటే ఇది దక్కది" అంది. భైరడిని ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే వాడికి ఎక్కువ బాధేసింది.

బీరవ్వ నీళ్ళకుండతో తిరిగి వచ్చింది. చుక్కమ్మను పట్టుకుని పిల్లను పొదుగుకు అందించింది. పిల్ల నోరు పెట్టేలోపే చుక్కమ్మ ఎగిరి తన్నింది. పొదుగు నొప్పేమో అని బీరవ్వ తడిమి చూసింది. నొప్పి లేదు. "ఏమైందే నీకు? కన్నతల్లివి కాదా?" అంది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. మనిషి ముక్కు ఎంతని పసిగడుతుంది?

జరిగింది భైరడికి తెలుసు. కానీ కుక్క మాట మనిషికి తెలియదు. వాడు చెప్పగలిగే దారి ఒక్కటే ఉంది. ఆ దారిలో వెళ్తే తననూ రోడ్డు మీద విడిచిపెడతారేమో. ఊరుకుంటే తన గుట్టు తన దగ్గరే ఉంటుంది. పిల్ల మాత్రం ఉండదు.

పిల్ల మళ్ళీ అరిచింది. ఈసారి ఇంకా సన్నగా.

భైరడు లేచాడు. వెళ్ళి, ముందు పిల్లను మూతితో తాకాడు. తర్వాత బీరవ్వ ఒడిలో తల పెట్టి, నోరు బార్లా తెరిచాడు.

బీరవ్వ గబుక్కున ముక్కు మూసుకుంది. భైరడు కళ్ళు మూసుకున్నాడు, ఇక వెళ్ళగొడుతుందని.

ఆమె వెళ్ళగొట్టలేదు. వాడి దవడ పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "అయ్యో బిడ్డా" అంది. "ఇంత నొప్పిని ఎట్ల మోసినవ్ రా? అందుకేనా నాకు మొహం చూపియ్యంది?" తర్వాత పిల్ల ఒంటి మీది ఎంగిలిని చూసింది. దగ్గరికి తీసుకుని వాసన చూసింది. అంతా అర్థమైంది.

ముందు పిల్ల పని చూసింది. గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళంతా తుడిచింది. చుక్కమ్మ పాలే నాలుగు చుక్కలు పిండి పిల్ల తలకూ వీపుకూ రాసింది. పైన చిటికెడు ఉప్పు చల్లింది. ఉప్పంటే గొర్రెకు ప్రాణం. చుక్కమ్మ ఉప్పు కోసమని నాకడం మొదలుపెట్టింది. నాకింది, నాకింది, ఆగింది. ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది.

"నాదే" అంది. "ఇది నా పిల్లనే."

పిల్ల పొదుగు అందుకుంది. దాని తోక ఒకటే ఊగడం. అప్పటికి ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది.

తర్వాత బీరవ్వ గొర్రెల కాళ్ళలో ముళ్ళు తీసే చిమటా తెచ్చింది. భైరడి వెనకపళ్ళ మధ్య ఎప్పటిదో ఎముక పేడు ఇరుక్కుని ఉంది. దాన్ని లాగేసింది. మరునాడు వాడిని పశువుల దవాఖానకు తీసుకువెళ్ళింది. అక్కడ పుచ్చిన పన్ను పీకేశారు.

పన్ను పోయిందని భైరడు దారంతా తోక కాళ్ళ మధ్య పెట్టుకునే నడిచాడు. ఎర్రకుక్కను విడిచిపెట్టిన రోడ్డు వచ్చింది. బీరవ్వ ఆగింది. వాడు ఆమె కాళ్ళకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె వంగి గడ్డం కింద గోకింది.

"ఒక్క పన్ను పోతే ఏమైతదిరా? నువ్వు మొరిగేది పన్నుతోనా? నడువు, మంద ఎదురుచూస్తున్నది."

అప్పటినుంచి బీరవ్వ మెత్తని తడిగుడ్డకు కాస్త కొబ్బరినూనె అద్ది రోజూ భైరడి పళ్ళు తుడిచేది. వాడి నీళ్ళచిప్ప కడిగి కొత్త నీళ్ళు పోసేది. అప్పుడప్పుడు రొట్టెలో రెండు పుదీనా ఆకులు నలిపి పెట్టేది. వాసన పోయింది. "నా పుదీనా వల్లనే" అంది కుందేలు. "నా కొబ్బరి వల్లనే" అంది ఉడుత. రెండూ నిజమేనని ముసలి మేక ఒప్పుకుంది. కాకి కూడా వచ్చి చూసింది. ఈసారి అదే నోరు మూసుకుంది.

ఒకరోజు చుక్కమ్మ తలెత్తి పిలిచింది. "భైరన్నా, రా. నా పిల్లను చూడు."

భైరడు వెళ్ళాడు కానీ దూరంగానే నిలబడ్డాడు. పిల్లే గెంతుకుంటూ వచ్చి వాడి మూతి దగ్గర ముక్కు పెట్టింది.

"మామా, నోరు తెరువు" అంది.

భైరడు తెరిచాడు.

"ఒక పన్ను లేదు."

"లేదు బిడ్డా."

పిల్ల ఇంకొంచెం వాసన చూసింది. "మంచిగనే ఉన్నది" అని తన మూతిని ముందుకు చాపింది. భైరడు దాన్ని ఒక్కసారి, మెల్లగా నాకాడు.

నీతి: నొప్పిని దాచుకుంటే అది మనతో ఆగదు, పక్కవాళ్ళకూ తగులుతుంది. మనల్ని ప్రేమించేవాళ్ళ ముందు నోరు విప్పితే నయం కావడం అక్కడే మొదలవుతుంది.