పోలమ్మ పోసిన ముగ్గు

వీరగిరి పట్నంలో పని దొరుకుతుందని పల్లెల నుంచి జనం వచ్చిపడ్డారు. వాళ్లకి తలదాచుకునే చోటు లేదు. ఆస్థాన స్థపతి సోమనాథాచారి గంధపుచెక్కతో చిన్న బొమ్మ ఇల్లు చేసి, "ఇలాంటివి వెయ్యి కడదాం" అన్నాడు. రాజుగారు మురిసిపోయి, చూడమని కూలీలనూ కొలువుకి పిలిపించారు.

సున్నం మోసే పోలమ్మకి ఆ ఇల్లు మరీ ఇరుకనిపించింది. అందులో కాపురముండాల్సింది తనే!

"ముగ్గు పోసి చూద్దామా స్వామీ?" అంటూ ఆచారి చెప్పిన కొలతలకే కొలువులో నేలమీద ఇంటికి ముగ్గు పోసింది. ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టింది. తనతో వచ్చిన మొగుణ్ణీ, అత్తనీ, ముగ్గురు పిల్లల్నీ లోపలికి పంపింది. నులకమంచం కూడా వేయించింది.

"గీత దాటకండి, అది గోడ."

ఆచారి మోకాళ్లు గడ్డానికి తగిలాయి. కాసేపటికే చెమటలు పట్టి, "అమ్మా, ఈ గోడ నాలుగు మూరలు అవతలికి జరుపు!" అని మొత్తుకున్నాడు.

పోలమ్మ గీత చెరిపి, దూరంగా కొత్తది పోసింది. "ఇవాళ ముగ్గు కాబట్టి జరిగింది స్వామీ. రేపు రాతిగోడ లేచాక మేమెంత మొత్తుకుంటే జరుగుతుంది?"

మర్నాడు ఆ కొత్త కొలతకే పునాదులు తవ్వారు. కొలతాడు ఒక కొస పోలమ్మ పట్టుకుంటే, రెండో కొస ఆచారే పట్టుకున్నాడు.