ఎదురొచ్చిన గవ్వ

పైడయ్య ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒక పిల్లి. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే కాపురం ఉందని ఆ ముగ్గురికీ గట్టి నమ్మకం. నమ్మకం ఉత్తినే రాలేదు. వాన కురిస్తే ఊరంతా తడుస్తుంది గానీ పైడయ్య గొడుగు మాత్రం తడవదు, చంకలో దాచుకుంటాడు మరి. "వస్తువు విలువ తెలిసినోడు నా కొడుకు" అని మురిసిపోతుంది వాళ్ళమ్మ గైరమ్మ. కోడలు నూకాలు ఇంకో ఆకు ఎక్కువే చదివింది. అన్నం ఉడికిందా అని ఊళ్ళోవాళ్ళు ఒక్క మెతుకు పట్టి చూస్తారా, నూకాలు కుండలో ప్రతి మెతుకూ పట్టి చూస్తుంది. "ఒక్క మెతుకు మాట నమ్మి కుండ దించేస్తామా?" అంటుంది.

పాతిల్లు కురుస్తోందని వాళ్ళు వీధి చివర కొత్త పెంకుటింట్లోకి మారారు. గవ్వ అని పిలుచుకునే ఆ పిల్లిని బుట్టలో పెట్టి తెచ్చుకున్నారు. పక్కింటి దాలమ్మ చూసి, "పిల్లికి కొత్త చోటు తొందరగా అలవాటు కాదమ్మా. మూడు రోజులు తలుపేసి ఉంచండి" అని మంచిమాట చెప్పింది.

అంతే. పైడయ్య తలుపుకి గడియ పెట్టి, అడ్డంగా రోలు దొర్లించి, రోలు మీద తనే కూర్చున్నాడు. గవ్వ ఒళ్ళు విరుచుకుంది. కిటికీ ఎక్కింది. అవతలికి దూకింది.

"మావా, వెళ్ళిపోతోంది!" అంది నూకాలు.

"ఎలా వెళ్తుందే? తలుపు వేసుంటే!"

ఇంకేముంది, తెల్లారేసరికి ఇంట్లో పిల్లి లేదు. గైరమ్మ గుండె బాదుకుని, "నా గవ్వ దొరికేదాకా మెతుకు ముట్టను" అని ఒట్టు పెట్టుకుంది. నూకాలుకి గుబులు పట్టుకుంది. అత్త కడుపు నిండుంటేనే ఇంట్లో మాట నెమ్మదిగా ఉంటుంది. ఆకలేసిందంటే ఇక కోడలి నడకా తప్పే, నిలకడా తప్పే.

పరిగెత్తుకెళ్ళి దాలమ్మనడిగింది. "ఎక్కడికి పోతుందే? పాతింట్లోనే దొరుకుతుంది, పోయి వెతకండి" అంది దాలమ్మ.

ముగ్గురూ బయల్దేరారు. సగం దారిలో గవ్వే వాళ్ళని చూసి, తోక నిక్కబొడుచుకుని, మ్యావ్ మ్యావ్‌మంటూ ఎదురు పరిగెత్తుకొచ్చింది.

"ఆగండి!" అని కేకేసింది గైరమ్మ. "పిల్లి ఎదురొచ్చింది! వెళ్ళే పని చెడుతుంది. వెనక్కి పదండి."

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి కాసేపు కూర్చున్నారు.

"అత్తా, అది మన గవ్వే కదా?" అంది నూకాలు మెల్లగా.

"మన గవ్వ అయితే శకునం మారిపోద్దా? మన ఎద్దు పొడిస్తే నొప్పెట్టదా?"

నిజమే అనిపించింది నూకాలుకి. మళ్ళీ బయల్దేరారు. మళ్ళీ గవ్వ ఎదురొచ్చింది. మళ్ళీ కాళ్ళు, మళ్ళీ నీళ్ళు. ఈసారి పైడయ్య ఆలోచించాడు. "వెనక్కి తిరిగి నడుద్దాం. మనకి ఎదురే ఉండదు." అంతే, ముగ్గురూ చేతులు పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, దాలమ్మ పేడకుప్పలో వెల్లకిలా పడ్డారు.

"చూశారా, పిల్లి ఎదురు రాలేదు!" అన్నాడు పైడయ్య పేడలోంచే.

దాలమ్మ బిందెడు నీళ్ళు కుమ్మరించి, "మీరెక్కడికీ పోకండర్రా. వాకిట్లో పాలు పెట్టండి, వాసనకి అదే వస్తుంది" అంది.

పాలు పెట్టారు. "పిల్లి కళ్ళు మూసుకుని తాగుతుంది. మనం కళ్ళప్పగించి చూస్తే దానికి సిగ్గు కాదా?" అంది గైరమ్మ. ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. గిన్నెలో గతుకుతున్న చప్పుడైంది. నూకాలు తడుముకుంటూ పోయి మెడకి తాడు కట్టేసింది. కళ్ళు తెరిచి చూస్తే ఎర్రటి ఊరకుక్క!

"ఒక్క రాత్రిలో ఎంత ఎదిగిపోయిందత్తా!"

"కొత్తింటి నీళ్ళు పడ్డాయే."

కుక్క భౌమంది.

"గొంతు పట్టేసినట్టుంది, మిరియాల కషాయం పొయ్యి" అన్నాడు పైడయ్య. పోశారు. ఇంకేముంది! కుక్క తాడు తెంపుకుని పైడయ్యని ఇంటి చుట్టూ తరిమింది. అరుగెక్కి రొప్పుతూ, "గవ్వ నన్నెప్పుడూ తరమలేదు. ఇది గవ్వ కాదు" అని తేల్చేశాడు.

ఆ గిన్నె వాసనకే కాబోలు, అసలు గవ్వ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"మళ్ళీ ఎదురొచ్చింది! ఇక నా నోట్లోకి మెతుకు పోయే రాత లేదు" అని గైరమ్మ బావురుమంది.

నూకాలుకి అత్తని చూస్తే జాలేసింది. జాలిలోంచి తెలివి పుట్టింది. "అత్తా, దీన్ని చంకన పెట్టుకుపోతే ఎదురెలా వస్తుంది?"

"ఓలమ్మో, నా కోడలు బంగారం!" అంది గైరమ్మ.

గవ్వని చంకన పెట్టుకుని, గవ్వని వెతకడానికి పాతింటికెళ్ళారు. అక్కడ దాన్ని కింద దించి, అటక మీద చూశారు, గాదె వెనక చూశారు, కాళ్ళకి అడ్డమొస్తున్న గవ్వని పక్కకి జరిపి మరీ చూశారు. చివరికది విసుగెత్తి పొయ్యిగట్టు మీద కూర్చుంది.

"దొరికింది!" అని నూకాలు ఎగిరి గంతేసింది. "దాలమ్మ చెప్పినట్టే, పాతింట్లోనే!"

గైరమ్మకి ఆనందం ఒక పక్క, ఆకలి ఒక పక్క. ఇంటివైపు ఒకటే పరుగు. కొడుకూ కోడలూ ఆమె వెనకే. మూడు రోజులు ఇంకా కాలేదని పైడయ్య తలుపేసి మళ్ళీ రోలు అడ్డం పెట్టాడు.

చేపల పులుసుతో మూడో ముద్ద మింగాక నూకాలు చెయ్యి ఆగింది. "మావా, గవ్వేదీ?"

"పాతింట్లో."

"తేలేదా?"

"దాలమ్మ పోయి వెతకమంది. తెమ్మందా?"

"నిజమేలే" అంది నూకాలు.

అప్పుడే కిటికీలో మ్యావ్‌మని వినిపించింది. పైడయ్య తల తిప్పి, "ఎవరిదో పిల్లి. అచ్చం మన గవ్వలాగే ఉందే!" అన్నాడు.

"గవ్వ ఎలా అవుద్దిరా? అది పాతింట్లో దొరికింది కదా!" అంది గైరమ్మ ముల్లు తీసుకుంటూ. "చేప ఎత్తుకుపోగలదు, ముందా కిటికీ వెయ్యి."

అంతే. పైడయ్య కిటికీ గట్టిగా మూసి గడియ పెట్టాడు. ఇంట్లో ఉక్కపోసింది. అందుకని రోలు పక్కకి దొర్లించి, తలుపు బార్లా తెరిచి, వచ్చి మళ్ళీ పులుసు పోయించుకున్నాడు.